సులోచన హైదరాబాదీ వేషం ఛాయాచిత్రం ఎక్కడ దొరుకుతుంది?

మూకీల కాలంలో సులోచన పేరుతో వెలిగిన రూబీ మైయర్స్ గురించి వ్యాసం రాస్తున్నాను; సినీ చరిత్ర తెలిసిన పెద్దలు సాయం చేయగలరు. టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి, కోహినూర్ సంస్థ ద్వారా తెరమీదికి వచ్చిన ఆమె, 1927 నాటి ‘వైల్డ్ క్యాట్ ఆఫ్ బాంబే’లో తోటమాలి, పోలీసు, అరటిపండ్లమ్మే మనిషి, హైదరాబాదీ పెద్దమనిషి సహా ఎనిమిది వేషాలు వేశారు. నాకు కావలసింది ఆ హైదరాబాదీ వేషం ఛాయాచిత్రమే. షేర్వాణీ, రూమీ టోపీ ధరించారా, మీసం పెట్టుకున్నారా అన్నది కళ్లారా చూస్తే తప్ప ఆ పేరా రాయబుద్ధి కావడం లేదు. (1928లో మూకీగా చేసిన అనార్కలి పాత్రనే, హిందుస్తానీ నేర్చుకుని 1935లో టాకీగా మళ్లీ పోషించిన ఆమె పట్టుదల వేరే కథ.) పాత పత్రికల్లోగానీ, ప్రకటన కరపత్రాల్లోగానీ, మీ ఇంటి పెట్టెల్లోగానీ ఆ బొమ్మ కనబడితే, పత్రిక పేరు, సంచిక నెల, పుట సంఖ్యతో సహా తెలియజేయగలరా?