అప్‌డేట్: కల్యాణం వాలంటీర్ల షిఫ్టులు కుదిరాయి

ఇంతకుముందు నేను మిమ్మల్ని అడిగింది ఇదీ: శ్రీరామనవమి కల్యాణానికి తూర్పు గేటు, పడమటి గేటు రెండు చోట్లా మంచినీళ్లు, క్యూలైను, పానకం జట్లు ఉన్నాయి. ఎక్సెల్‌లో వీలుకప్ (VLOOKUP, పట్టికలో పేరు వెతికి దాని పక్కనున్న వివరం తెచ్చే సూత్రం) పెడితే మంచినీళ్ల జట్టువాళ్లందరికీ తూర్పు గేటు వేళలే వస్తున్నాయి.

జవాబుగా మీరు చెప్పిందే నిజం. వీలుకప్ పైనుంచి వెతుక్కుంటూ వచ్చి మొదట దొరికిన వరుసతోనే ఆగిపోతుంది. కింద అదే పేరు ఎన్నిసార్లున్నా దానికి పట్టదు. జట్టు, గేటు, షిఫ్టు మూడూ కలిపి 'మంచినీళ్లు|పడమర|ఉదయం' అని ఒక కాలమ్ చేసి, దానిమీద వెతికించాను. సూత్రం చివర ఫాల్స్ (FALSE) అని రాయడం ముఖ్యం. అది లేకపోతే సరిగ్గా అదే పేరు దొరకకపోయినా దగ్గరగా ఉన్నదేదో తెచ్చి పెడుతుంది.

ఒకే మనిషికి రెండు చోట్ల డ్యూటీ పడటం అసలు తలనొప్పి. మొదటిది ముగిసేలోపే రెండోది మొదలై, రెండోది ముగిసేలోపే మొదటిది మొదలైతే రెండూ ఢీకొన్నట్టే. ఈ షరతును కౌంట్‌ఇఫ్స్‌లో (COUNTIFS, షరతులకు సరిపోయే వరుసలను లెక్కపెట్టే సూత్రం) పెట్టి, ఢీకొన్న వరుసలకు ఎర్ర రంగు వేయించాను. తలంబ్రాల వేళకు పానకం దగ్గరా క్యూలైను దగ్గరా ఒకే కుర్రాడు బయటపడ్డాడు!

తక్కువ ఖాళీ సమయం ఉన్నవాళ్లకు ముందుగా షిఫ్టులు కేటాయించమన్న మీ సలహా బాగా పనిచేసింది. ఎప్పుడైనా రాగలిగినవాళ్లతో మిగిలిన ఖాళీలు నింపాను. పానకం జట్టుకు మాత్రం ఎప్పటిలాగే పోటీ. చెప్పుల స్టాండుకు రమ్మంటే అందరికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది. అక్కడికి గంటన్నర షిఫ్టులే వేశాను.

చివరి నిమిషంలో షిఫ్టులు మార్చుకుంటే షీటు ఎవరు దిద్దాలన్నది ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి ఆ పని గేటు ఇన్‌ఛార్జికి అప్పగించాం.