ఊట లేని బావి యూట పెట్టె

అనంతపురం పృచ్ఛకుడు:
ఈసారి సమస్య, అంటే నేనిచ్చే చివరి పాదానికి మీరు మిగతా మూడూ కట్టాల్సినది, ఆటవెలది నాలుగో పాదం: "ఊట లేని బావి యూట పెట్టె". అయిదూ హగణాలే (గురువు, లఘువు). యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) ఊకారానికి ఊకారమే, మధ్యలో యడాగమం వచ్చి "ఊట" "యూట" అయిందని కంగారు పడకండి. ఊట అంటే మనకు చెలమలో ఉబికే నీరు, ఆవకాయ జాడీలో దిగే రసం. రాయదుర్గం దాటి బళ్లారి వైపు పోతే అదే మాట భోజనం. అక్కడ "ఊట ఆయ్తా?" అని ఎవరైనా పలకరిస్తే మీ బోరులో నీళ్ల సంగతి చెప్పకండి.

శింగనమల శిష్యుడు:
కరువు పనికి వచ్చి కన్నడ కూలీలు
పూడు తీయుచుండ బొద్దు గడచె
దినము కూలి వచ్చె దినుసులు కొన్నారు
ఊట లేని బావి యూట పెట్టె

అనంతపురం పృచ్ఛకుడు:
భలే. ఉపాధి హామీ పనిని మన పల్లెల్లో ఇప్పటికీ కరువు పనే అంటారు. ఆ పథకం దేశంలో మొదలైంది కూడా మన నార్పల మండలం బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. కూలీలను కన్నడం వాళ్లను చేయడంలోనే ఉంది కిటుకంతా, లేకపోతే రెండో ఊటకు దిక్కు లేదు. మూడో పాదం చివర వాక్యం ముగిసింది కాబట్టి అక్కడి విసంధిని ("కొన్నారు", "ఊట" సంధి చేసి కలపకపోవడాన్ని) తప్పు పట్టను. "బొద్దు గడచె" (పొద్దు గడిచింది) మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది.

రాయదుర్గం రైతు:
అదే రోజు కూలి ఎక్కడ పడుతుంది సామీ? పదిహేను రోజుల్లోపు అని 2005 చట్టంలోనే రాసిరి.

శింగనమల శిష్యుడు:
పద్యంలోనైనా పడనీ అన్నా!

ఆదోని అల్లుడు:
పూడ్చి పాతబావి పూరిగుడిసె వేసి
యిడ్లి దోస లమ్మె నింతి యొకతె
బస్సు లాగు చోట బళ్ళారి దారిలో
ఊట లేని బావి యూట పెట్టె

రాయదుర్గం రైతు:
మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి, అందుకే చెప్తున్నా. ఇడ్లీ, దోసె ఊట కాదు అల్లుడూ. కన్నడంలో వాటిని "తిండి" అంటారు, అంటే టిఫిను. మనకేమో తిండి అంటే తినేదంతా. ఊట అనిపించుకోవాలంటే ముద్దో అన్నమో ఉండాల. రెండో పాదం ఇట్లా మార్చు: "ముద్ద, చారు చేసె ముదుసలవ్వ".

అనంతపురం పృచ్ఛకుడు:
సవరణ బాగుంది. అల్లుడి పద్యంలో ఇంకో చిక్కుంది. "దారిలో ఊట" దగ్గర వాక్యం ముగియలేదు, విసంధి. పోనీ కలిపి "దారిలో నూట" అంటే లెక్క వందకు పోతుంది! "బస్సు లాగు చోటు బళ్ళారి దారిరా" అంటే గొడవ తీరుతుంది. (బస్సులు లాగడం కాదు, ఆగడం. చదివేవాళ్లు నవ్వకండి.)

కడప పంతులు:
నేను క్రమాలంకారంలో పోయినా, ప్రశ్నలు ముందు, వరసగా జవాబులు చివరి పాదంలో.
చెలమ నుబుకు నేది? చేదెడు చోటేది?
కన్నడమున గూడు కనగ నేది?
నగలు నాణెములను నమ్మి దాచెడి దేది?
ఊట లేని బావి యూట పెట్టె

అనంతపురం పృచ్ఛకుడు:
పంతులుగారూ, "పెట్టె"ను ట్రంకుపెట్టె చేశారు, అది మీకే తట్టాల. కానీ నాలుగు ప్రశ్నలకు నాలుగు జవాబులు పోతే "లేని" ఎవరికీ చెందకుండా మిగిలింది. "కూడు" సరళాదేశంతో (క గ కావడంతో) "గూడు" అయింది, సరే, వినేవాడికి పిచ్చుక గూడు తగులుతుంది.

కడప పంతులు:
ఒప్పుకుంటి. ఇది చూడండి.
చేద వేయ నీరు చేరని దేదిరా?
కన్నడమున బువ్వ కనగ నేది?
నగలు నాణెములను నమ్మి దాచెడి దేది?
ఊట లేని బావి, యూట, పెట్టె

అనంతపురం పృచ్ఛకుడు:
ఈసారి పూరణల్లో మొదటి స్థానం దీనిదే. "కనగ" ఊతపదమే అయినా పోనిద్దాం. ఎందుకు మెచ్చానంటే, నిజానికి ఇది రెండర్థాల ఒకే మాట కాదు, రెండు వేరే మాటలు. మన ఊట "ఊరు" అనే క్రియ నుంచి వచ్చింది, ఊరగాయ కూడా ఆ ఇంటిదే. కన్నడ ఊట తినడమనే "ఉణ్ణు" నుంచి. తమిళంలో నీటిది ఊట్రు, తినేది ఉణవు, అక్కడ రెండూ కలవనే లేదు. పంతులుగారు రెంటినీ రెండు ప్రశ్నల కింద విడగొట్టారు. మిగతా ఇద్దరూ శ్లేష (ఒకే మాటకు రెండర్థాలు) అనుకుని రాశారు, అదీ పండింది.

రాయదుర్గం రైతు:
మళ్లీ ఇట్లాంటిదే ఇవ్వండి సార్. మా వైపు "సాకు" ఉందిగా, కన్నడంలో "చాలు".

అనంతపురం పృచ్ఛకుడు:
ఇస్తున్నా, ఇదీ ఆటవెలదే: "సాకు సాకటంచు సాకు చెప్పె". కన్నడం రానివాళ్లు రైతన్నను అడగండి, పూరణ మాత్రం ఆయన చేత రాయించుకోవద్దు.