పాటలు వినడానికి హైబ్యాక్ రీక్లైనరా, భుజాల దాకా ఉండే కుర్చీనా?

కొండాపూర్ శ్రోత:
అందరికీ నమస్తే. మా ఫ్లాట్‌లో ఒక రూమ్ ఖాళీ అయింది, 10 బై 12 అడుగులు, కింద విట్రిఫైడ్ టైల్స్, వట్టి గోడలు, ఒక పక్క కిటికీ, దాన్ని పాటలకి పెట్టుకుంటున్నా. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, స్టాండ్లు, ఆంప్లిఫయర్ అన్నీ వచ్చేశాయి, మిగిలింది కుర్చీ ఒక్కటే, ఒక్క కుర్చీకే చోటుంది. షోరూమ్‌లో లెదరెట్ రీక్లైనర్ చూశా, తల పైదాకా బ్యాక్, చెవులకి అటూ ఇటూ ఉబ్బెత్తుగా దిండ్లు, కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. ఇంకోటి టేకు కుర్చీ, గుడ్డ కవరు, బ్యాక్ భుజాల వరకే. రెండూ 30 వేల లోపే. ఎక్కువగా కర్ణాటక కచేరీలు, ఘంటసాల, పాత ఇళయరాజా వింటా. ఏది తీసుకోమంటారు?

రీక్లైనర్ భయ్యా:
ఆలోచించడానికి ఏముంది, రీక్లైనర్ తీసుకో భయ్యా. పొద్దంతా ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చుని, తర్వాత ట్రాఫిక్‌లో గంట కూర్చుని ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసి ఉంటుంది, మళ్లీ తలకి ఆసరా లేని కుర్చీలో పడితే రెండో పాటకే మెడ గుంజడం మొదలు, ఇంక పాట మీద ధ్యాసేం ఉంటుంది. ఒళ్లు హాయిగా ఉంటేనే చెవి పనిచేస్తుంది. ఆడియో మేగజైన్ల ఫోటోల్లో తరచూ కనిపించే ఈమ్స్ లాంజ్ చైర్ చూడు, 1956లో వచ్చింది, దానికీ తల దగ్గర దిండుంది, అదీ తోలుదే.

పాత రేడియో:
మెడ నొప్పి మాట నేను కాదనను. కానీ కొండాపూర్ శ్రోత గారూ, చెవుల పక్కన దిండ్లు అన్నారు చూడండి, అక్కడే నాకు భయమేసింది, దయచేసి తొందరపడి అడ్వాన్స్ ఇవ్వకండి.

స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం మీ చెవిని తాకి, వెనకున్న హెడ్‌రెస్ట్‌కి కొట్టుకుని మళ్లీ చెవి దగ్గరికే వస్తుంది. హెడ్‌రెస్ట్ చెవికి 10 సెంటీమీటర్లు వెనకుంటే పోనూ రానూ 20 సెంటీమీటర్లు, శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది కాబట్టి అర మిల్లీసెకనుకి కాస్త ఎక్కువ ఆలస్యం. ఈ రెండూ కలిసినప్పుడు కొన్ని స్వరాలు పెరుగుతాయి, కొన్ని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఈ లెక్క ప్రకారం 850 హెర్ట్జ్ దగ్గర ఒక గుంత, అంటే అక్కడ శబ్దం పడిపోతుంది, 2500 దాటాక ఇంకో గుంత పడతాయి. సరిగ్గా గొంతు, వయొలిన్ ఉండే చోటే. ఘంటసాల గొంతులో ఆ నిండుతనం కోసమే కదండీ ఇంత ఖర్చు పెట్టుకుంది. పైగా తల కాస్త జరిపితే ఆ గుంతలు కూడా జరుగుతాయి, అందుకే అలాంటి కుర్చీల్లో పాట ఒక్కోసారి ఒక్కోలా వినిపిస్తుంది.

లోపల ఫోమ్ ఉంది కదా పీల్చుకుంటుంది అనుకుంటారు. ఫోమ్ మీద గాలి ఆడే గుడ్డ ఉంటే పీల్చుకుంటుంది. పైన లెదర్, రెగ్జిన్, లెదరెట్ వేస్తే గాలి లోపలికే పోదు, హై ఫ్రీక్వెన్సీలు, అంటే సన్నటి శబ్దాలు, అద్దం మీద పడ్డట్టు వెనక్కి వచ్చేస్తాయి. కచేరీ హాళ్లలో సీట్లు గమనించండి, మంచి హాళ్లలో చాలావరకు బ్యాక్ భుజాల దగ్గరే ఆగిపోతుంది, పైన గుడ్డే ఉంటుంది. ఖాళీ సీటు కూడా మనిషి కూర్చున్నంత శబ్దాన్నే పీల్చుకునేలా చూసి మరీ పెడతారు, హాలు నిండినా నిండకపోయినా ధ్వని మారకూడదని.

రీక్లైనర్ భయ్యా:
లెక్కలు బాగానే ఉన్నాయి గానీ పాత రేడియో గారూ, ఆయన రూమ్‌లో కింద విట్రిఫైడ్ టైల్స్, నాలుగు వైపులా వట్టి గోడలు, ఒక పక్క కిటికీ అద్దం. అక్కణ్ణుంచి వచ్చే ఎకో ముందు కుర్చీ ఎకో ఎంత? నేనైతే మా రీక్లైనర్‌లో ఏళ్లుగా వింటున్నా, ఏ గుంతా తెలియలేదు.

పాత రేడియో:
మంచి ప్రశ్న అడిగారు. గోడ మీంచి వచ్చేది కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, వేరే దిక్కు నుంచి వస్తుంది, అంత దూరం తిరిగొచ్చేసరికి బలం కూడా తగ్గుతుంది. దాన్ని మెదడు ‘ఇది గది’ అని పక్కన పెట్టగలదు. హెడ్‌రెస్ట్ నుంచి వచ్చేది ఒక మిల్లీసెకను లోపే వచ్చేస్తుంది, పక్కనే కాబట్టి అసలు శబ్దానికి దగ్గర బలంతో వస్తుంది, దాన్ని విడదీయడం చెవి వల్ల కాదు, అది పాటలోనే కలిసిపోతుంది. మీకు తెలియకపోవడానికి కారణం పోల్చి చూసే అవకాశం లేకపోవడమే. ఒక పని చేయండి, ఒంటరి గొంతు ఉన్న పాట పెట్టి తల ఆనించి కాసేపు వినండి, తర్వాత ఒక జానెడు ముందుకి వంగి వినండి. ఆ తర్వాత హెడ్‌రెస్ట్ మీద మందపాటి టర్కీ టవల్ నాలుగు మడతలు వేసి మళ్లీ ఆనించి వినండి. నిజంగా ప్రయత్నించి ఇక్కడ చెప్పండి, మీ మాట నేను నమ్ముతా.

టైల్స్ సంగతి మాత్రం ఒప్పుకుంటా, దానికి మందు వరంగల్ జంఖానా, స్పీకర్లకీ కుర్చీకీ మధ్యలో పరిస్తే చాలు.

మలక్‌పేట పడక్కుర్చీ:
అన్నా, మీరిద్దరు షోరూం సామాన్లే మాట్లాడుతున్రు. మా ఇంట్ల తాతల కాలం నాటి పడక్కుర్చీ ఉన్నది, టేకు ఫ్రేము, పైన కింద కట్టె గూటాలు, మధ్యల గుడ్డ, గంతే. తల ఆనుతది, మెడ గుంజది, చెవి వెనక ఫోమ్ లేదు రెగ్జిన్ లేదు, గుడ్డ వెనక అంతా గాలే. గుడ్డ మాసితే గూటం గుంజి ఉతికి మళ్ల ఎక్కియ్యొచ్చు. పేము అల్లిన కుర్చీ అయితే ఇంకా మంచిది, సందుల్లకెల్లి సౌండు ఎన్కకు పోతది. ఒక్కటే తక్లీఫ్, మోకాళ్ల నొప్పులున్నోళ్లు లేవాల్నంటే ఎవరన్న చెయ్యి ఇయ్యాలె.

పాత రేడియో:
పేము మాట నూటికి నూరుపాళ్లు నిజం. మందం కాన్వాస్ అయితే కొంచెం వెనక్కి కొడుతుంది, వదులు నేత గుడ్డ వేయించుకోవాలి. అయితే పడక్కుర్చీలో చెవి బాగా కిందికి దిగుతుంది. డైనింగ్ కుర్చీలో నిటారుగా కూర్చుంటే చెవి నేలకి 110 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది, వాలితే ఇంకా చాలా కిందికి. చెవి ట్వీటర్‌కి, అంటే స్పీకర్‌లో సన్నటి శబ్దాలిచ్చే చిన్న భాగానికి, ఎదురుగా ఉండాలి, కాబట్టి పడక్కుర్చీ అయితే స్టాండ్లు పొట్టివి తీసుకోవాలి, లేదా స్పీకర్‌ని ముందువైపు కాస్త కిందికి వంచాలి. రీక్లైనర్‌తో ఇంకో చిక్కు, వెనక్కి వాల్చినప్పుడల్లా తల అడుగు దాకా వెనక్కి పోతుంది, రెండు స్పీకర్లూ మీ తలా కలిపి కుదుర్చుకున్న త్రికోణం కాస్తా చెదిరిపోతుంది.

హబ్సిగూడ వీణ:
అందరూ తల గురించే మాట్లాడుతున్నారు, చేతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. కొండాపూర్ శ్రోత గారు కచేరీలు వింటానన్నారు కదా, కచేరీ వినేవాళ్లు తాళం వేయకుండా ఉంటారా? కుడి చెయ్యి తొడ మీద పడాలి, లేవాలి, తిరగాలి, వేళ్లు లెక్కపెట్టాలి. రీక్లైనర్‌కి ఉండే ఆ లావుపాటి చేతుల మధ్య మోచెయ్యి ఇరుక్కుని ఆదితాళం రెండు ఆవర్తాలు కూడా సాఫీగా సాగవు. నేనైతే చేతులు లేని కుర్చీకే ఓటేస్తా, ఉంటే సన్నటి చెక్క చేతులు, కిందికి ఉండాలి. ఇంకోటి, సీటు 24 అంగుళాల వెడల్పన్నా ఉంటే కాళ్లు పైకి తీసుకుని మఠం వేసుక్కూర్చోవచ్చు, రాగం తానం పల్లవి గంట దాటి సాగినప్పుడు కాళ్లు వేలాడేసుకుని అంతసేపు కూర్చోవడం మాలాంటివాళ్లకి కష్టం.

రీక్లైనర్ భయ్యా:
టవల్ వేసి చూశా. గొంతు దగ్గర తేడా ఉంది, నిజం చెప్పాలి కదా, ‘స’ ‘శ’లు మెత్తబడ్డాయి. కానీ టవల్ లేకుండా కూడా నాకు ఇబ్బంది అనిపించలేదు, తల ఆసరా వదులుకునేంత తేడా మాత్రం కాదు. తల నిలబెట్టుకుని వినడం నా వల్ల కాదు, నా ఓటు మారదు.

పాత రేడియో:
ఓటు మార్చక్కర్లేదు భయ్యా, మీరు చేసి చూసి చెప్పారు, నాకదే సంతోషం. తల ఆసరాకీ మెడ ఆసరాకీ మాత్రం తేడా ఉంది. బరువు మోయాల్సింది మెడ వంపు దగ్గర, అంటే చెవుల కిందన. భుజాల దాకా ఉన్న కుర్చీకి పైన సన్నటి గుండ్రటి దిండు, గుడ్డ కవరుతో, వెనక పట్టీతో కట్టుకుంటే మెడకి ఆసరా దొరుకుతుంది, చెవుల వెనక ఖాళీగానే ఉంటుంది. ఐకియాలో పోయెంగ్ అనే కుర్చీలో కూడా ఒకసారి కూర్చుని చూడొచ్చు, 2018లో హైటెక్ సిటీలో వాళ్ల షాపు తెరిచినప్పటి నుంచీ దొరుకుతోంది, బర్చ్ చెక్కని పలచటి పొరలుగా అంటించి వంచిన ఫ్రేము, కూర్చుంటే చిన్నగా ఊగుతుంది. దాని బ్యాక్ ఎత్తే గానీ చెవుల పక్కన రెక్కలుండవు, లెదర్ కాకుండా గుడ్డ కవరే తీసుకోవాలి.

కొండాపూర్ శ్రోత:
అందరికీ చాలా థాంక్స్. టేకు కుర్చీ వైపే మొగ్గుతున్నా, మెడ దిండు మా వీధి సోఫా రిపేర్ అతనితో కుట్టిస్తా. సీటు ఫోమ్ కూడా మార్పించాలి, ఇప్పుడున్నది కూర్చోగానే చెక్క తగులుతోంది. డెన్సిటీ ఎంత చెప్పమంటారు? కుర్చీ వెనక గోడకి ఆనించేసి పెట్టొచ్చా?

పాత రేడియో:
సీటుకి 40 డెన్సిటీ, 4 అంగుళాలు, బ్యాక్‌కి 32 చాలు. కవరు గుడ్డ నోటికి దగ్గరగా పెట్టి ఊదితే గాలి అవతలికి రావాలి, అది చూసి కొనండి. గోడకి ఆనించొద్దు, బేస్ బొంయ్ బొంయ్‌మంటుంది. సరిగ్గా మధ్యలోనూ వద్దు, 12 అడుగుల పొడుగుకి 47 హెర్ట్జ్ దగ్గర మధ్యలో బేస్ మాయమైపోతుంది. వెనక గోడకి 4 అడుగులు వదిలి మొదలుపెట్టి, మృదంగం ఎడమవైపు మోత కుదిరేదాకా జానెడు ముందుకీ వెనక్కీ జరుపుకోండి.

హబ్సిగూడ వీణ:
దిండుకి బూరుగు దూది పెట్టించండి, ఫోమ్ కంటే మెడకి చల్లగా ఉంటుంది.