మన నేలల పండిందే తినాలె: నల్లగొండ, పాలమూరుకు ఈ మాట ఎంతవరకు చెల్లుతది?

నిర్వాహకుల ప్రశ్న: దగ్గర పండినదే ఒంటికి మంచిదని అంతటా వినిపిస్తున్నది. ఫ్లోరైడ్ బోర్లు, హైదరాబాద్ మురుగు పారే మూసీ కాలువలు, ఎండిన చెలకలు ఉన్న దక్షిణ తెలంగాణలో ఆ మాట నిలుస్తదా? సొంత కథలు వద్దు. తెలిసిన విషయం లెక్కతో చెప్పండి.

జొన్నచేను (నాగర్‌కర్నూల్): నిలుస్తది. 100 గ్రాముల జొన్నల్లో ఇనుము సుమారు 4 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో ఒకటి కూడా నిండదు. మాంసకృత్తులూ జొన్నలోనే కొంచెం ఎక్కువ. అయితే జొన్నల ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు ఉంటయి, ఇనుమంతా ఒంటికి పట్టదు. పక్కన నిమ్మకాయో చింతపులుసో ఉంటే నయం.

దగ్గరుంటే అసలు లాభం పిండిది. జొన్నపిండిల కొవ్వు ఉంటది గనుక రెండు మూడు వారాలకే చేదెక్కుతది. పాతబడ్డ పాకెట్ పిండి రొట్టెకు అంచులు పగులుతయి, అది చేతివాటం లేక కాదు. గింజ కొని రెండు వారాలకు సరిపడా గిర్నీ పట్టించాలె. మరిగే నీళ్లు పోసి పిసికితేనే పిండి అతుకుతది, జొన్నకు గోధుమ జిగురు లేదు గదా. కొనేటప్పుడు యాసంగి గింజ అడగండి. వానకాలం జొన్న కంకి మీద వాన పడితే గింజ నల్లబడి బూజు పడతది.

బోరుబావి (మర్రిగూడ): అన్నా, గింజ సంగతి బాగానే చెప్పినవ్. నీళ్ల సంగతి వదిలేసినవ్. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలె, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా. మా దిక్కు చాలా బోర్లు అది దాటినయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగి, వంటకు బోరు నీళ్లు వాడే ఇండ్లు ఇప్పటికీ ఉన్నయి. లెక్క చూడు: లీటరుకు 4 మిల్లీగ్రాములున్న నీళ్లు 2 లీటర్లు పోసి కిలో బియ్యం ఇగరబెడితే 8 మిల్లీగ్రాములు అన్నంలనే ఉంటయి. అయిదుగురు తింటే మనిషికి 1.6. కాగబెడితే ఫ్లోరైడ్ పోతదనేది ఒట్టిమాట. నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడతది.

ఇంకో సంగతి. 1970లల్ల నల్లగొండ పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగే జబ్బును జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పరిశీలించిన్రు. చౌడు బారిన నేలల జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం ఎక్కువున్నట్టు తేలింది. అది ఒంట్ల రాగిని మూత్రంల వెళ్లగొడతది. ఫ్లోరైడ్‌కు ఇదీ తోడయి ఎముకలు మెత్తబడ్డయని అనుమానించిన్రు. దగ్గరిదని కండ్లు మూసుకొని తింటే ఎట్ల?

జొన్నచేను: ఒప్పుకుంట. కానీ నువ్వు తప్పు పట్టవలసింది ఆ ఊరోళ్లు మూడు పూటలా అదే నీళ్లూ అదే గింజా తినుడును, దగ్గరి పంటను కాదు. విరుగుడు కూడా ఈ నేలలనే ఉన్నది. అదే సంస్థ బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంల ఫ్లోరైడ్ ఎక్కువ పోయింది. వంగిన ఎముక దానితో సరికాదు, అది వేరే. పాలు, రాగులు కాల్షియం ఇస్తయి. నల్లగొండ బత్తాయి సి విటమిన్ ఇస్తది, కాకపోతే లారీలెక్కి ఢిల్లీకి పోతది. చెట్టు దిగినంక బత్తాయికి తీపి పెరగదు, మామిడి లెక్క మాగేసే పండు కాదు. తోట దగ్గర పూర్తిగా ముదిరినంక తెంపినదానికి రుచి అందుకే.

గానుగపట్టు (వనపర్తి): అందరూ మెచ్చుకునే ఊరి పల్లినూనె గురించి ఒక చేదుమాట. కాయ ఊరే చివరి మూడు నాలుగు వారాల్లో బెట్ట తగిలితే భూమిలోనే పొట్టు పగిలి బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. పచ్చికాయను కుప్పవేస్తే మరింత పెరుగుతుంది. పీకిన మొక్కలను కాయ పైకి ఉండేట్టు తిరగేసి ఎండబెట్టాలి, తేమ 8 శాతానికి దిగాలి. కాయ ఊపితే లోపల గింజ గలగలమనాలి.

గానుగకు పంపే ముందు ముడతపడ్డవి, రంగు మారినవి, మొలకెత్తినవి ఏరకపోతే ఆ విషం కొంత నూనెలోకి దిగుతుంది. వడగట్టినా పోదు. రిఫైన్డ్ నూనెకు క్షారంతో శుద్ధి, ఆపై మట్టితో రంగు తీసే పని జరుగుతాయి కాబట్టి అందులో దాదాపు మిగలదు. గానుగ నూనె చెడ్డదనడం లేదు. ఏరని పల్లితో తీసిన గానుగ నూనె కన్నా ప్యాకెట్ నూనె మేలు అంటున్నాను, ఎవరికి కోపం వచ్చినా సరే. విషంలో ఎక్కువ భాగం నూనె తీశాక మిగిలే చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క బర్రె తింటే పాలలోకి వస్తుంది. ఊరి పాలు తాగేవాళ్లు దాణా సంగతి అడగాలి.

బియ్యంబస్తా (మిర్యాలగూడ): లోకల్ అంటే జొన్న ఒక్కటేనా? 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన రేషన్ సన్నబియ్యం మనిషికి 6 కిలోలు. సాగర్ ఎడమకాలువ కింద పండి ఇక్కడి మిల్లుల్లోనే ఆడే వడ్లకు దూరమెంత? పాలిష్‌లో తవుడుతో పాటు బి విటమిన్ పోతుంది, అది మిల్లు తప్పు. ఇంకోటి, కాలుష్యం లెక్కలో ఆహారానికి రవాణా వాటా చిన్నదే. నీళ్లు నిలిపిన వరిమడి నుంచి వచ్చే మీథేన్ పెద్దది. బియ్యం పక్క ఊరివైనా ఆ మీథేన్ తగ్గదు.

పాలకూర (వలిగొండ): మాకు దగ్గర అంటే మూసీ ఆకుకూరలే. కడిగితే సరిపోతదా?

బోరుబావి: అక్కా, ఉప్పునీళ్లతో మట్టి పోతది, క్రిములు పూర్తిగా చావవు. ఉడికిస్తే క్రిములు, పురుగుల గుడ్లు చస్తయి, లోహాలుంటే అవి పోవు. కొత్తిమీర, పుదీన పచ్చివి తినుడే పెద్ద ప్రమాదం, వాటిని మాత్రం వేరే దిక్కువి కొనండి. కత్వలు (వాగుకు అడ్డం కట్టిన చిన్న ఆనకట్టలు) దాటి దిగువకు పోయేకొద్దీ నీళ్లల్ల క్రిములు తగ్గుతయి, ఉప్పు తగ్గదు. వడ్లకు పొట్టు ఉంటది, అన్నం ఉడుకుతది గనుక తినేవాళ్లకు ఆ భయం తక్కువ. ఆ బురదల నాటేసే కూలోళ్లకే కాళ్ల చర్మంల నుంచి ఒంట్లకు దూరే కొంకిపురుగుల బాధ. సంతల అమ్మేటోళ్లను ఊరి పేరు కాదు, కాలువ కిందిదా బోరు కిందిదా అని అడగండి. ఇంటెనుక జాగ ఉంటే బియ్యం కడిగిన నీళ్లతో రెండు మడులు పాలకూర పండుతది, కడిగేది భగీరథ నీళ్లతోనైతే.