పీఎస్ 5కి ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ వేస్తే బొమ్మ మారుతుందా?

కొత్తిల్లు:
అన్నలూ, చిన్న సందేహం. హాల్లో టీవీ గోడకి బిగించేశాం. పీఎస్ 5 (ఆటల కన్సోల్) ఇంకో గోడ అరలో పెట్టాలి. పైపులోంచి వైరు లాగితే 5 మీటర్లు దాటుతోంది, డబ్బాలో వచ్చిన హెచ్‌డీఎంఐ వైరు (బొమ్మా శబ్దమూ టీవీకి మోసేది) అందదు. కొట్టులో రెండు చూపించారు, ఒకటి 600, ఒకటి 4,800. ఖరీదైన దాంతో "బొమ్మ అద్దంలా ఉంటుంది సార్, రంగులు తేలతాయి" అంటున్నాడు. నిజమేనా? సోమవారం పెయింటర్లు వస్తారు, ఈలోపే లాగెయ్యాలి.

సున్నా ఒకటి:
పచ్చి అబద్ధం. హెచ్‌డీఎంఐలో పోయేది బొమ్మ కాదు, సున్నాలు ఒకట్లు. అవి సరిగ్గా చేరితే బొమ్మ పూర్తిగా వస్తుంది. చేరకపోతే తెర మీద తెల్లచుక్కలు మెరుస్తాయి, లేదా తెర నల్లబడి మళ్ళీ వస్తుంది. "కొంచెం మసక", "రంగు కొంచెం తక్కువ" అనే మధ్యస్థితి లేదు. ఆ కొట్టువాడు దొంగ.

బెజవాడ జాయ్‌స్టిక్:
నేను ఒప్పుకోనండి. నాదీ పీఎస్ 5యే, 4,200 పెట్టి కేబుల్ మార్చాను. మార్చిన రోజే తేడా కనిపించింది. రేసు ఆటలో సొరంగంలోకి కారు వెళ్తే ఇదివరకు గోడలు బూడిదరంగులో ఉండేవి. ఇప్పుడు నలుపు నలుపులాగే ఉంది. ఇది నా కళ్ళతో చూసింది, ఎవరో చెప్పింది కాదు.

నిద్రలేని నిజామాబాద్:
గీ ముచ్చట మల్లా షురూ అయింది. ఛాయ్ తెచ్చుకుంటా ఉండుండ్రి.

సున్నా ఒకటి:
జాయ్‌స్టిక్ గారూ, నలుపు ఎంత నల్లగా ఉండాలో వైరు నిర్ణయించదు. పీఎస్ 5 ఆర్‌జీబీ రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా అంకెల హద్దు) ఒక రకంగా, టీవీ ఇంకో రకంగా ఉంటే నలుపు బూడిదగా కనబడుతుంది. అది సెట్టింగ్ తేడా. వైరుకి "ఇది నలుపు, జాగ్రత్తగా మోద్దాం" అని తెలియదు కదా.

బెజవాడ జాయ్‌స్టిక్:
సెట్టింగ్ ఏదీ ముట్టుకోలేదు. వైరు తీశాను, వైరు పెట్టాను. అంతే.

పసుపు పిన్ను:
పెద్దవాణ్ణి, ఓ మాట చెప్తాను. వైరు మారిస్తే బొమ్మ మారిన రోజులున్నాయి, మేం చూశాం. క్యాసెట్ వీడియోగేమ్ యాంటెన్నా పిన్నులోంచి పెడితే బొమ్మ మీద చీమలు పాకేవి. పీఎస్ 2కి పసుపు-ఎరుపు-తెలుపు వైరు వచ్చేది. ఆ పసుపు పిన్ను ఒక్కదాంట్లోనే వెలుగూ రంగూ కలిపి తోసేవాళ్ళు, టీవీ మళ్ళీ విడదీసుకోలేక అక్షరాల అంచుల్లో చుక్కలు పాకేవి. నా స్నేహితుడు దుబాయ్ నుంచి ఆకుపచ్చ-నీలం-ఎరుపు కాంపోనెంట్ వైరు తెచ్చాడు. అదే పీఎస్ 2, అదే టీవీ, క్రికెట్ ఆటలో స్కోరు బోర్డు మొదటిసారి చదవగలిగాను. 2006లో వచ్చిన పీఎస్ 3కి హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా డబ్బాలో పెట్టింది మాత్రం పసుపు పిన్ను వైరే. తెలియనివాళ్ళు ఏళ్ళకేళ్ళు దాంతోనే ఆడారు. కాబట్టి కొట్టువాళ్ళ మాట గాల్లోంచి పుట్టలేదు, ఆ కాలానిది.

సున్నా ఒకటి:
అది అనలాగ్ సార్, సున్నాలు ఒకట్లు కాదు, నేరుగా కరెంటు అలలు. కాలం చెల్లిన నిజాన్ని ఇవాళ 4,800కి అమ్మడమే నేను మోసం అంటున్నది.

తీగల దుకాణం:
నాకు కొట్టుంది. పదకొండేళ్ళుగా వైర్లే అమ్ముతున్నాను. "దొంగ" అన్న మాట రెండుసార్లు చదివాను, అందుకే రాస్తున్నాను.

పోయిన ఏడాది ఒకాయన వచ్చి 7 మీటర్లది, చవకది కావాలన్నాడు. 4కె 120కి, అంటే 4కె బొమ్మ సెకనుకి 120 సార్లు పంపడానికి, ఇది ఆగదండీ అని చెప్పాను. "అమ్మడానికి చెప్తున్నావు" అన్నాడు. సరే అని ఇచ్చాను. వారానికి వచ్చి నలుగురు కస్టమర్ల ముందు కేబుల్ కౌంటర్ మీద విసిరికొట్టాడు. ఫాల్స్ సీలింగ్ వేయించేశాడట, మళ్ళీ విప్పాలట. ఆ విప్పిన కూలీ నన్నే కట్టమన్నాడు. ఖరీదైనది అమ్మితే దొంగ, చవకది అమ్మితే మోసగాడు. మీరు చెప్పండి ఏం అమ్మాలో.

"రంగులు తేలతాయి" అన్నది తప్పే. మా కుర్రాళ్ళూ అంటారు, తిడుతూనే ఉంటాను. కానీ పొడవు సంగతి మాట్లాడకుండా సున్నాలు ఒకట్లు అంటే ఎలా? 2013 నాటి హెచ్‌డీఎంఐ 2.0 పద్ధతికి సెకనుకి 18 గిగాబిట్లు చాలు, 4కె 60 వస్తుంది. 2017లో వచ్చిన 2.1కి 48 వరకూ మోసే తీగ కావాలి. రాగి తీగలో అంత వేగం మీటరు మీటరుకీ నీరసపడిపోతుంది. 2 మీటర్లలో చాలావరకు ఇబ్బంది ఉండదు. 5 దాటితే అట్ట మీద రాసినవన్నీ నమ్మకూడదు. అల్ట్రా హై స్పీడ్ అని అచ్చు కొట్టించుకోవడం ఎవరికైనా వచ్చు. అసలు సర్టిఫికెట్ ఉన్నదానికి క్యూఆర్ స్టిక్కరు ఉంటుంది, ఫోన్‌లో స్కాన్ చేసి చూసుకోవచ్చు.

కొత్తిల్లు గారూ, మీ 4,800ది బహుశా ఆప్టికల్, అంటే రాగిలో కాక కాంతితో మోసేది. అది ఒకే దిక్కున పనిచేస్తుంది. ఏ కొన కన్సోల్‌కో, ఏది టీవీకో రెండిటి మీదా రాసుంటుంది, చూసి లాగించండి.

సున్నా ఒకటి:
దుకాణం గారూ, మిమ్మల్ని అనలేదు. మీరు చెప్పింది "పనిచేస్తుందా లేదా" అన్న సంగతి. "బాగా కనిపిస్తుందా" అన్నది వేరు. నా వాదన రెండోదాని మీద.

బెజవాడ జాయ్‌స్టిక్:
మరి నా సొరంగం సంగతేంటి?

సున్నా ఒకటి:
ఒక్క ప్రశ్న. కొత్త వైరు టీవీ వెనక అదే రంధ్రంలో పెట్టారా?

బెజవాడ జాయ్‌స్టిక్:
దానికీ దీనికీ సంబంధం ఏంటండి?

సున్నా ఒకటి:
చెప్పండి ముందు.

బెజవాడ జాయ్‌స్టిక్:
పాతది కింద సౌండ్‌బార్ పక్కన ఉండేది. కొత్తదాని మూతి లావు, అక్కడ పట్టలేదు. పైదాంట్లో పెట్టాను.

నిద్రలేని నిజామాబాద్:
దొరికిండు 😂

సున్నా ఒకటి:
అదీ సంగతి. చాలా టీవీల్లో నాలుగు రంధ్రాలుంటే రెండే పూర్తి వేగానివి. పైగా బొమ్మ సెట్టింగులు ఏ రంధ్రానికి ఆ రంధ్రానివి విడిగా దాచుకునే టీవీలు బోలెడు. కిందిదాంట్లో మీరో మీ పిల్లలో ఎప్పుడో వెలుతురు పెంచి ఉంటారు. పైది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. మీ 4,200 రంధ్రం మార్చడానికి ఖర్చయ్యాయి. మీకు కనిపించిన తేడా నిజమే, కారణమే తప్పు. పాత వైరు తెచ్చి పైదాంట్లో పెట్టి చూడండి, రెండు నిమిషాల పని.

బెజవాడ జాయ్‌స్టిక్:
ఇలాగే మాట్లాడతారు మీరంతా. మా తమ్ముడూ ఇంజనీరే. సంక్రాంతికి వచ్చినప్పుడు ముచ్చటపడి చూపించాను. బొమ్మ వైపు చూడకుండానే "అన్నయ్యకి నాలుగువేలు టోపీ పెట్టారు" అన్నాడు, మా మామగారి ముందు. బొమ్మ వైపు చూడలేదండి వాడు! చూసి తేడా లేదంటే ఊరుకునేవాణ్ణి. మీరూ అంతే. నా హాలు చూడలేదు, నా టీవీ చూడలేదు, ఎక్కడో కూర్చుని నా కళ్ళు అబద్ధం అంటారు. డిప్లొమా ఫెయిలైనవాడికి కళ్ళు కూడా ఉండకూడదా?

సున్నా ఒకటి:
కళ్ళు అబద్ధం అనలేదు. "తేడా నిజమే" అని రాశాను, పైన చూడండి.

బెజవాడ జాయ్‌స్టిక్:
ముందు "అది సెట్టింగ్ తేడా" అన్నారు. తర్వాత "నిజమే" అన్నారు. అదీ నేను రంధ్రం సంగతి చెప్పాక. ముందే అడిగి ఉంటే?

పసుపు పిన్ను:
అబ్బాయి అన్నదాంట్లో న్యాయం ఉంది. అడగకముందే తీర్పు చెప్పావు నాయనా.

తీగల దుకాణం:
సున్నా ఒకటి గారూ, ఇంకోటి. "మధ్యస్థితి లేదు" అన్నారు. పాత పద్ధతికి అది సరే. 2.1లో ఆట మొదలయ్యే ముందే కన్సోలూ టీవీ రెండూ తీగని పరీక్షించుకుంటాయి. పెద్ద వేగం నిలవకపోతే తక్కువ వేగానికి దిగుతాయి. అప్పుడు కన్సోల్ 120 హెర్ట్జ్ వదిలేసి 60 ఇవ్వొచ్చు, రంగు సమాచారం కుదించి పంపొచ్చు. తెర మీద చుక్క కూడా ఉండదు, శుభ్రంగా తగ్గిన బొమ్మ వస్తుంది. పీఎస్ 5 వీడియో అవుట్‌పుట్ మెనూలో 4కె ట్రాన్స్‌ఫర్ రేట్ అని ఉంటుంది. బొమ్మ ఆగిపోతుంటే వేగం తగ్గించి −1, −2 పెట్టుకోమని కంపెనీవాళ్ళే ఇచ్చారు. అది మధ్యస్థితి కాదా?

సున్నా ఒకటి:
(కాసేపు చూసి వచ్చాను.) సరే, వేగం దిగడం నిజం. చవక తీగ బొమ్మని పరోక్షంగా తగ్గించగలదు. కానీ సరిపడే తీగ ఉన్నాక, దానికన్నా ఖరీదైనది బొమ్మని పెంచలేదు. ఈ ముక్క మీద మాత్రం నేను కదలను. జాయ్‌స్టిక్ గారూ, వీడియో అవుట్‌పుట్ సమాచారం అనే తెర తెరిచి పాత వైరుతో ఒక ఫొటో, కొత్త వైరుతో ఒక ఫొటో పెట్టండి. రిజల్యూషన్, హెర్ట్జ్, రంగు ఫార్మాట్ అన్నీ అక్కడ ఉంటాయి. మీ కళ్ళూ వద్దు, నా చదువూ వద్దు.

బెజవాడ జాయ్‌స్టిక్:
పాత వైరు తమ్ముడు పట్టుకెళ్ళాడు. "ఇది చాల్లే నాకు" అని.

నిద్రలేని నిజామాబాద్:
తమ్మునికి ఫోన్ కొట్టు అన్నా.

బెజవాడ జాయ్‌స్టిక్:
కొట్టను.

పసుపు పిన్ను:
ఇంతకీ ఇల్లు కట్టినాయన ఏమయ్యాడు? ఆయన అడిగిందానికి ఎవరైనా జవాబు చెప్పారా?

కొత్తిల్లు:
ఉన్నానండి. ఆదివారం మొదటి మూడు జవాబులే చదివి, కొట్లాటలా ఉందని మూసేశాను. ఎందుకైనా మంచిదని 4,800దే తెచ్చి లాగించాను. పైపు సన్నం, ఎలక్ట్రీషియన్ సబ్బు రాసి గంటన్నర కష్టపడ్డాడు. రాత్రి పీఎస్ 5 పెడితే టీవీలో "సిగ్నల్ లేదు" అని వస్తోంది. ఇప్పుడే కూర్చుని మొత్తం చదివాను. దుకాణం గారూ, అరలో ఉన్న కొన మీద "డిస్‌ప్లే" అని ఉంది.

తీగల దుకాణం:
అయ్యో. తిరగబడింది. పైపు మూసేశారా?

కొత్తిల్లు:
లప్పం పెట్టేశారు. మొదటి కోటు కూడా అయింది.