‘మార్కెట్ ప్రవేశం’ అనవచ్చా?

ప్రశ్న: ఆర్థిక చరిత్ర మీద వ్యాసం రాస్తున్నాను. 1890 నాటి రైలు మార్గాలన్నీ తీసివేసి లెక్కిస్తే అమెరికా వ్యవసాయ భూముల మొత్తం విలువ సుమారు 60 శాతం పడిపోతుందని ఆర్థికవేత్తలు డేవ్ డొనాల్డ్‌సన్, రిచర్డ్ హార్న్‌బెక్ 2016లో చూపారు. ఆ లెక్కకు ఆధారం ‘మార్కెట్ యాక్సెస్’ అనే కొలత. పత్రికల్లో కనిపించే ‘మార్కెట్ ప్రవేశం’ ఇక్కడ నప్పుతుందా?

జవాబు: నప్పదండీ. ప్రవేశం అనగానే అనుమతి గుర్తొస్తుంది. మన మామిడిని ఒక దేశం రానిస్తే అది మార్కెట్ ప్రవేశం. ఈ పరిశోధనలో అడ్డుకునేవారెవరూ లేరు. ఒక కౌంటీ (అమెరికాలో మన జిల్లా లాంటిది) నుంచి మిగతా కౌంటీలన్నిటికీ సరుకు చేర్చే ఖర్చును లెక్క కడతారు. ఖర్చు తక్కువైన చోటి జనాభాకు లెక్కలో ఎక్కువ ప్రాధాన్యం, ఎక్కువైన చోటి జనాభాకు తక్కువ ప్రాధాన్యం ఇచ్చి అన్నీ కూడతారు. ఆ కౌంటీలో ఒక్క రైలు పట్టా పడకపోయినా, ఎక్కడో వేసిన లైను వల్ల ఈ మొత్తం మారుతుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చినది అదే. ‘మార్కెట్ చేరువ’ అనండి.

మరో జవాబు: చేరువ అందమైన మాటే, కానీ చదివేవారు మైళ్లు లెక్కపెడతారు. ఆ పరిశోధకులు తీసుకున్న రేట్లు చూడండి: టన్ను సరుకును మైలు దూరం చేర్చడానికి గుర్రపు బండి మీద 23.1 సెంట్లు, రైలు మీద 0.63, నీటి మార్గంలో 0.49. ఎక్కించి దించే ఖర్చు పక్కన పెడితే, బండి మీద పది మైళ్లకయ్యే డబ్బుతో రైలు మీద 360 మైళ్లు దాటవచ్చు. అందుకే నా ఓటు ‘అందుబాటు’కు. ఆసుపత్రి అందుబాటులో లేదంటే దూరం, ధర అందుబాటులో లేదంటే ఖర్చు. రెండూ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. బ్రిటిష్ ఇండియా రైళ్ల మీద డొనాల్డ్‌సన్ చేసిన పరిశోధనలోనూ ఆయన వెతికింది ఖర్చునే. ఒక్కో రకం ఉప్పు ఒక్కో చోటే తయారయ్యేది కాబట్టి, అక్కడి ధరకూ దూరపు జిల్లాలో అదే ఉప్పు ధరకూ ఉన్న తేడా నుంచి రవాణా భారాన్ని రాబట్టారు.

అడిగినవారు: ఒప్పుకుంటున్నాను. అయితే ‘మార్కెట్ అందుబాటు’ అంటే ఊళ్లో సంత ఉందా లేదా అన్నట్టు ధ్వనిస్తుందేమో?

మరో జవాబు: బహువచనం చేయండి. ‘మార్కెట్ల అందుబాటు’ అంటే అనేక ఊళ్ల మొత్తమని తెలుస్తుంది. వాక్యంలోనూ ఇబ్బంది ఉండదు: ‘రైలు రాకతో ఆ కౌంటీకి మార్కెట్ల అందుబాటు పెరిగింది, దానితో పొలాల ధరలూ పెరిగాయి.’