ఆయుధం ‘పట్టడమా’, ‘ధరించడమా’?

ప్రజల ఆయుధాల హక్కు గురించి చెప్పే అమెరికా రాజ్యాంగం రెండో సవరణను తెలుగులో ఎలా చెప్పాలని నిన్న గ్రూపులో ఒక చెల్లెలు అడిగింది. ఎక్కువమంది ‘ఆయుధాలు ధరించే హక్కు’ అన్నారు. నాకది మింగుడుపడలేదు. ఎందుకో చెప్తాను.

మేముండేది షికాగో పక్కన. శనివారం తెలుగు క్లాసులో చదవడానికి మా అమ్మాయి ఈ సవరణనే ఎంచుకుంది. వీడియో కాల్‌లో జగిత్యాలలో ఉన్న మా అమ్మకు వివరిస్తూ, “ఇక్కడ అందరికీ ఆయుధాలు పట్టే హక్కుంది అమ్మమ్మా” అంది. మా అమ్మ బియ్యం ఏరుతున్నదల్లా చెయ్యి ఆపి, “ఎవరి మీద బిడ్డా?” అంది.

అమ్మ విన్నదాంట్లో పొరపాటేం లేదు. తెలుగులో ఆయుధం పట్టడమంటే ఎవరో ఒకరి మీదికి పోవడమే. మా దిక్కు ‘తుపాకి పట్టిండు’ అంటే అడవిలో అన్నల్లో కలిశాడని అర్థం. కురుక్షేత్రంలో కృష్ణుడు ఆయుధం పట్టనన్నాడంటే యుద్ధం చేయనన్నట్టే. ధరించడం వేరు. శంఖచక్రగదాధరుడు అంటే అవి చేతిలో ఉన్నాయని చెప్పినట్టే తప్ప, ఆ క్షణాన ఎవర్నో కొడుతున్నాడని కాదు.

1791 నాటి ఆ సవరణ 27 మాటల వాక్యం. అందులో హక్కుకు రెండు క్రియలున్నాయి. ఒకటి ‘కీప్’ (keep), అంటే ఆయుధం దగ్గర ఉంచుకోవడం. రెండోది ‘బేర్’ (bear), దాన్ని పట్టడమనీ అనుకోవచ్చు, ధరించడమనీ అనుకోవచ్చు. 2008లో వాషింగ్టన్ నగరంలోని పిస్తోళ్ల నిషేధం మీద హెల్లర్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు జడ్జీలు దీని మీదా తలపడ్డారు. అది సైనికుల పరిభాష అన్నారు జస్టిస్ స్టీవెన్స్, అంటే మన ‘పట్టడం’. వెంట పెట్టుకు తిరగడమే అన్నారు జస్టిస్ స్కాలియా, అంటే ‘ధరించడం’. భాషాశాస్త్ర ఆచార్యులు కూడా తమ వాదన రాసి కోర్టుకిచ్చారు. 5-4తో స్కాలియా వైపు నెగ్గింది. కాబట్టి ‘ధరించే’ అని రాశామంటే మనకు తెలియకుండానే ఒక పక్షాన చేరిపోయినట్టే. అనువాదంలో అది సరికాదు.

ఆ వాక్యం మొదట్లో వచ్చే ‘మిలీషియా’ను కూడా అలాగే వదిలేయకండి. మన పేపర్లలో మిలీషియా సభ్యులంటే మావోయిస్టుల మనుషులు. ‘పౌరసేన’ అంటే చాలు.

ఇదంతా పదాల పట్టింపు అనుకోవద్దు. షికాగోలో 1982 నుంచి పిస్తోళ్ల మీద నిషేధం ఉండేది. మోర్గన్ పార్కులో ఉండే ఓటిస్ మెక్‌డొనాల్డ్ అనే పెద్దాయన ఇంట్లో పదేపదే దొంగలు పడ్డారు. నా ఇంట్లో పిస్తోలు ఉంచుకోనివ్వండని ఆయన కోర్టుకెక్కి 2010లో గెలిచాడు. ఆయన అడిగింది ‘ఉంచుకోవడం’. ఆ వయసులో ఆయన భయం నాకు అర్థమవుతుంది.

2013 జనవరిలో అదే నగరం దక్షిణ వైపు ఒక పార్కులో స్నేహితులతో కలిసి వానకు తలదాచుకున్న 15 ఏళ్ల అమ్మాయి తూటాకు చనిపోయింది. అంతకు వారం ముందే ఒబామా రెండో ప్రమాణస్వీకార వేడుకల్లో ప్రదర్శన ఇచ్చి వచ్చిన పిల్ల. కాల్చినవాళ్లు వాళ్లను వేరే ముఠా అనుకున్నారు. అమ్మ అడిగిన “ఎవరి మీద?”కు అక్కడ దొరికిన జవాబు అది. అడవిలో వేటగాళ్లు తోటి వేటగాడి గురికి బలి కాకుండా నారింజ రంగు వేసుకుంటారు. ఆ అమ్మాయి గుర్తుగా స్నేహితులు అదే రంగు బట్టలు వేసుకున్నారు. మా అమ్మాయికీ ఒక నారింజ చొక్కా ఉంది. దాన్ని ఉతికి మడతపెట్టిన ప్రతిసారీ నాకు గుండె పట్టేసినట్టుంటుంది.

నా మటుకు నేను ‘ఆయుధాలు ఉంచుకొనే, చేబూనే హక్కు’ అంటాను. చేబూనడంలో చేత ఉండటమూ ఉంది, పోరుకు దిగడమూ ఉంది. మూలంలోని తగువు తెలుగులోనూ అలాగే మిగులుతుంది. ‘చేబూను’ పాతబడిన మాట అని గ్రూపు కామెంట్లలో ఒక మాస్టారు రాశారు. నిజమే మాస్టారూ, కానీ ఆ వాక్యానికీ రెండు వందల ఏళ్లు దాటాయి. వాడుకలో ఇంకా మంచి మాట ఉంటే శుక్రవారం రాత్రిలోపు చెప్పండి, శనివారం పొద్దున్నే పిల్ల చదవాలి.